సంధి కుదిరాక సైన్యం ఎక్కడుండాలి? వార్‌గేమ్‌లో దారి రూల్ రాసుకోవడం ఎలా

తార్నాకలో మా బ్యాచ్ ఆదివారాలు ఆడే ఆటలో ఒక రాత్రి పదిన్నరకు యుద్ధం ఆగింది, గొడవ మొదలైంది.

ఆట మేం సొంతంగా తయారుచేసుకున్నది. పద్దెనిమిదో శతాబ్దపు దక్కన్. నాలుగు డ్రాయింగ్ షీట్లు అతికించి, ఆరు మూలల గడులు గీసి, పైన ప్లాస్టిక్ షీటు పరిచిన పటం. నిజాం, పీష్వా, మైసూరు, ఈస్టిండియా కంపెనీ అని నలుగురు ఆటగాళ్లు, అంపైర్‌గా నేను. ఆ రోజు మైసూరు ఆదోని కోట పట్టుకున్నాడు. రెండు టర్నులు నలిగాక నిజాంతో సంధి కుదిరింది. కాగితం మీద రెండే లైన్లు: "నిజాం, మైసూరు మధ్య యుద్ధం ఆగింది. ఆదోని మళ్లీ నిజాంకే." ఇద్దరూ సంతకాలు పెట్టారు. అందరం మిర్చి బజ్జీల మీద పడ్డాం.

తర్వాత కదలిక వచ్చేసరికి మైసూరు తన ఫిరంగుల కాయను ఆదోనిలోనే వదిలేసి, మూడు గుర్రపు దళాలను తుంగభద్ర దాటించి, నిజాం గడుల్లోంచే నడిపించి, అప్పటికి పీష్వా చేతిలో ఉన్న ముద్గల్ మీద పడేశాడు.

"ఇదేందన్నా? నిజాం దారి ఇచ్చిండా నీకు?" అన్నాడు పీష్వా.

"నేనెప్పుడిచ్చిన?" అన్నాడు నిజాం.

"ఇయ్యనని ఎక్కడ రాసినవ్?" అన్నాడు మైసూరు.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉంది, చిక్కంతా అదే. అంపైర్‌ని కాబట్టి అందరూ నా వైపు చూశారు. నా దగ్గర జవాబు లేదు. ఆఖరి మెట్రో వెళ్లిపోయింది, ఆటోలు మాట్లాడుకొని ఎవరిళ్లకు వాళ్లు పోయాం. ఆ రూల్ కుదుర్చుకోవడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. మీకు ఒక్క సాయంత్రంలో అయ్యేలా చెబుతాను.

ముందు నాలుగు మాటలు విడదీయండి

సంధి అంటే నువ్వు నన్ను కొట్టవు, నేను నిన్ను కొట్టను. అంతవరకే. పక్కింటివాళ్లతో కోర్టు కేసు రాజీ అయిందని వాళ్ల కారు మన గేటు లోపల పెట్టుకోనిస్తామా? దారి సంగతి విడిగా మాట్లాడుకోవాల్సిందే. అయితే ఆట దగ్గర "దారి" అన్న ఒక్క మాటలోనే నాలుగు అనుమతులు కలగాపులగం అయిపోయి ఉంటాయి. మేం వాటికి పెట్టుకున్న పేర్లు నడక, మకాం, మేత, దెబ్బ.

నడక అంటే పరాయి గడుల్లోంచి ఆగకుండా దాటిపోవడం. మకాం అంటే టర్నంతా కదలకుండా ఒకచోట కూర్చోవడం, కోటలో దిగడం. మేత అంటే ఆ నేల మీద సైన్యానికి కావాల్సిన సరుకుల సప్లై తీసుకోవడం. దెబ్బ అంటే ఆ నేల మీద నిలబడి మూడోవాడి మీదికి దాడికి పోవడం. ఒకటి ఇస్తే మిగతా మూడూ ఇచ్చినట్టు కాదు. మీరు రాసే ప్రతి సంధిలోనూ ఈ నాలుగింటి ఎదుటా "అవును" అనో "కాదు" అనో ఉండాలి. మా మైసూరు అడక్కుండానే నాలుగూ తీసేసుకున్నాడని ఈ పేర్లు పెట్టుకున్నాకే తెలిసింది. ఫిరంగులతో మకాం, గుర్రాలతో నడక, నిజాం గోదాముల్లో మేత, ముద్గల్ మీద దెబ్బ.

రూల్‌బుక్‌లో ఎక్కడ వెతకాలి

మీరు ఆడేది కొన్న ఆట అయితే డిప్లొమసీ అధ్యాయం ఒక్కటే చూసి ఊరుకోకండి. జవాబు తరచుగా కదలిక అధ్యాయంలోనో, మొదటి పేజీల్లో పదాల అర్థాలు చెప్పే చోటో ఉంటుంది. "శత్రువు", "మిత్రుడు", "తటస్థుడు" అన్న మూడు మాటలు ఎక్కడెక్కడ వచ్చాయో పెన్సిల్‌తో గీత పెట్టుకుంటూ పోండి. సంధి అయ్యాక పాత శత్రువు ఈ మూడింట్లో ఎవడవుతాడో పుస్తకం చెప్పిందా? తగువు సగం అక్కడే ఉంటుంది. "శత్రు గడిలో అడుగు పెడితే ఆగాలి" అని ఉంటే, ఇప్పుడు శత్రువు కాదు కాబట్టి ఆగక్కర్లేదని మైసూరు లాంటివాడు చదువుతాడు. "మిత్ర గడిలోనే సప్లై" అని ఉంటే, సంధి అయినంత మాత్రాన మిత్రుడు కాలేదు కాబట్టి సప్లై లేదని నిజాం లాంటివాడు చదువుతాడు. ఇద్దరూ పుస్తకమే చదువుతున్నారు.

సాధారణ రూల్‌కీ ప్రత్యేక రూల్‌కీ పొసగకపోతే ప్రత్యేకమైనదే గెలుస్తుందన్నది చాలా ఆటల్లో మామూలు పద్ధతి. ప్రచురణకర్త తర్వాత విడుదల చేసిన సవరణలు ఉంటే అవి పుస్తకానికి పైన. అయినా తేలకపోతే తయారుచేసినవాళ్లకే రాయండి, కానీ అవును-కాదుల్లో జవాబొచ్చేలా, గడి నంబర్లతో సహా అడగండి. "సంధి తర్వాత, కదలిక దశలో, 1412 గడిలో ఉన్న నా దళం 1411 మీదుగా పోవచ్చా?" అన్నట్టు. "మీ దారి రూల్ అర్థం కాలేదు" అని రాస్తే జవాబు కూడా అర్థం కాకుండానే వస్తుంది.

కంప్యూటర్ ఆటల్లో ఈ బాధ తక్కువ, యంత్రమే తీర్పు చెప్పేస్తుంది. అయినా అవి ఎలా చెప్పాయో చూడటం పనికొస్తుంది. యూరోపా యూనివర్సాలిస్ 4లో సంధి నాటికి దారి లేని పరాయి నేల మీద చిక్కిన దళం బహిష్కృత దళమవుతుంది. నడవగలదు గానీ పోరాడలేదు, సొంత నేల తొక్కాక మళ్లీ మామూలవుతుంది. సివిలైజేషన్ ఆటల్లోనైతే సంధి కుదరగానే సరిహద్దు లోపలున్న పరాయి దళాన్ని ఆటే ఎత్తి బయట పెట్టేస్తుంది.

సంధి ఏ క్షణం నుంచి లెక్క?

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ గొడవలకు ఇదే మూలం. మీ టర్నులోని దశలను వరసగా కాగితం మీద రాయండి. మావి మంతనాలు, కదలిక, పోరు, మేత, పన్నులు. సంధి మంతనాల్లో కుదిరితే అదే టర్ను కదలికకు వర్తిస్తుంది. మధ్యలో, ఉదాహరణకు పోరు దశలో ఒకడు చేతులెత్తేసి సంధి అడిగితే, మేం దాన్ని ఆ దశ పూర్తయ్యాకే అమలు చేస్తాం. అప్పటికే వేసిన పాచికలు వేసినట్టే ఉంటాయి. ఇంకోలా పెట్టుకున్నా తప్పు లేదు. ఏదో ఒకటి ముందే రాసి ఉండాలి, అంతే.

దీనికి తోడు ఇంకో అలవాటు చేసుకోండి. ప్రతి టర్ను ఆఖర్న పటాన్ని ఫోనుతో ఒక ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఆ రాత్రి మా దగ్గర అలాంటి ఫోటో ఉండబట్టే తర్వాత ఆటను వెనక్కి తిప్పగలిగాం.

ఇంటికి ఎలా పంపాలి

మూడు దారులున్నాయి. కంప్యూటర్ ఆటలా కాయలను ఎత్తి సొంత గడిలో పెట్టేయడం మొదటిది. తేలిక, తగువు లేదు, కానీ నాకు నచ్చదు. ఫిరంగులను ఎడ్లతో లాగించుకొని వానల్లో నది దాటించి కోట దాకా తెచ్చినవాడు, తిరిగి వెళ్లేటప్పుడు గాల్లో ఎగిరి వెళ్లిపోతే ఇక పటం ఎందుకు? అంతకంటే చెడ్డది, దీన్ని వాడుకునేవాళ్లుంటారు. దూరాన ఇరుక్కున్న సైన్యాన్ని ఒక్క టర్నులో ఇంటికి రప్పించుకోవడానికే ఉత్తుత్తి సంధి చేసుకుంటారు. రెండోది బహిష్కృత పద్ధతి, ఇల్లు చేరేదాకా ఆ కాయ పోరాడలేదు. మూడోది గడువు పెట్టి నడిపించడం. టేబుల్ మీద ఆడేవాళ్లకు రెండూ మూడూ కలిపి వాడటమే మేలని నా అభిప్రాయం. నడిచే వెళ్లాలి, వెళ్లేదాకా కొట్టకూడదు, ఫలానా టర్ను లోపు వెళ్లాలి.

గడువు నోటికొచ్చినట్టు పెట్టకండి, లెక్కగట్టండి. మా ఆదోని ఫిరంగుల లెక్కే చూడండి. ముందు అడగాల్సింది ఎక్కడిదాకా అని. రాజధాని శ్రీరంగపట్నం దాకా అక్కర్లేదు, దగ్గర్లోని సొంత గడి చాలు. మా ఆటలో అది బళ్లారి. ఆదోని నుంచి మూడు గడులు, రెండో గడికీ మూడో గడికీ మధ్య వేదవతి నది. గుంపులో అన్నిటికంటే నెమ్మదైన కాయను పట్టుకొని లెక్కించాలి. గుర్రాలు టర్నుకు నాలుగు గడులు పోతాయి, ఎడ్లు లాగే ఫిరంగులు రెండే. కాబట్టి మొదటి టర్నులో రెండు గడులు, నది ఒడ్డు దాకా. మా రూల్స్‌లో వానాకాలంలో ఫిరంగులు నది దాటడానికి రెండు టర్నులు. మొత్తం మూడు. అడ్డంకులకు ఒకటి కలిపితే నాలుగు టర్నులు.

ఇక్కడే ఒక గోతి ఉంది. "నాలుగు టర్నులు" అని రాస్తే ఈ టర్ను లెక్కలోకి వస్తుందా రాదా అని మళ్లీ తగువు. సంధి 9వ టర్ను మంతనాల్లో కుదిరింది, ఆ టర్ను కదలిక ఇంకా ఉంది. కాబట్టి "12వ టర్ను కదలిక దశ ముగిసేలోపు" అని టర్ను నంబరు, దశ పేరు రెండూ రాయండి. నిజం ఒప్పందాలూ ఇలాగే రాశారు. 1966 జనవరి 10 నాటి తాష్కెంట్ ప్రకటనలో భారత్, పాకిస్తాన్ల సాయుధ సిబ్బంది ఫిబ్రవరి 25 దాటకుండా, 1965 ఆగస్టు 5కు ముందున్న స్థానాలకు వెళ్లాలని ఉంది. ఎప్పటిలోగా అన్నదానికి ఒక తేదీ, ఎక్కడికి అన్నదానికి ఇంకో తేదీ. 1972 సిమ్లా ఒప్పందంలో అమలైన నాటి నుంచి 30 రోజులు. మీ సంధిలో గడువు, చేరాల్సిన చోటు, ఈ రెంటిలో ఏది లేకపోయినా నాలాంటి అంపైర్‌కు ఆ రాత్రి నిద్ర ఉండదు.

దారి గడులను కూడా నంబర్లతో రాయండి. లేకపోతే "ఇంటికే పోతున్నా" అంటూ నిజాం గోదాములన్నీ లెక్కపెట్టుకుంటూ హైదరాబాద్ మీదుగా చుట్టుతిరిగి పోయేవాడు ఉంటాడు.

ఎటూ దారిలేని వాళ్ల సంగతి? మధ్యలో సంధితో సంబంధం లేని మూడోవాడి నేల ఉంటే, వాడు ఒప్పుకోకపోతే, ఆ కాయలు ఎక్కడికి పోతాయి? 1907 హేగ్ ఐదో ఒడంబడిక నుంచి ఒక పద్ధతి అరువు తెచ్చుకున్నాం. యుద్ధంలో ఉన్న సైన్యం తటస్థ దేశంలోకి వస్తే, ఆ దేశం వాళ్లను యుద్ధరంగానికి దూరంగా నిర్బంధించి ఉంచాలని అందులో ఉంది. మా ఆట కాలానికి అది వందేళ్ల తర్వాతి మాటే. అయినా పటం పక్కన ఒక చిన్న డబ్బా పెట్టి, అలాంటి కాయలను అందులో వేస్తాం. వాళ్ల తిండి ఖర్చు వాళ్ల రాజే భరించాలి. ఆ యుద్ధం పూర్తిగా ముగిశాక వాళ్లు సొంత రాజధానిలో తేలతారు. డబ్బాకు పీష్వా "చంచల్‌గూడ" అని పేరు పెట్టాడు.

మన ఊరి కాగితం ఒకటి చదవండి

దారి క్లాజు ఎలా రాయాలో నేర్చుకోవడానికి నాకు దొరికిన మంచి నమూనా హైదరాబాద్‌దే. 1947 నవంబర్ 29న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కూ భారత ప్రభుత్వానికీ మధ్య కుదిరిన యథాతథ ఒప్పందం. అందులో సైన్యం గురించిన భాగం చెప్పేది ఇది. నిజాం నేల మీద భారత సైన్యాన్ని నిలిపే హక్కు ఈ ఒప్పందం వల్ల రాదు. యుద్ధ సమయంలో అయితే నిలపొచ్చు, అదీ నిజాం సమ్మతితోనే. ఆ సమ్మతిని సరైన కారణం లేకుండా నిరాకరించకూడదు. అలా నిలిపిన సైన్యం, పోరు ముగిసిన ఆరు నెలల్లో వెళ్లిపోవాలి.

ఆట కళ్లతో చూడండి. మామూలు రోజుల్లో మకాం లేదు. మినహాయింపు ఎప్పుడో ఉంది. ఎవరి అనుమతో ఉంది. గడువు ఉంది, గడువు ఎప్పటి నుంచి మొదలో కూడా ఉంది. సరైన కారణమా కాదా అని ఎవరు తేల్చాలి? వివాదాలకు చెరొక మధ్యవర్తిని పెట్టుకోవాలని, ఆ ఇద్దరూ కలిసి ఒక అంపైర్‌ను ఎంచుకోవాలని ఇంకో క్లాజు ఉంది. అంపైర్ అన్న మాట చూసి నాకు కాస్త ఛాతీ ఉప్పొంగింది. ఒప్పందం కాలం ఏడాది. ఆ ఏడాది నిండకముందే, 1948 సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలై 17న ముగిసింది. కాగితం ఎంత బాగా రాసినా ఆడేవాళ్లు ఆటను ఇంకోవైపు తిప్పగలరు, దానికి మనం సొంతంగా రాసుకున్న ఏ రూలూ అడ్డుపడదు.

గడువు రాయని మకాం ఏమవుతుందో చూడాలంటే సికింద్రాబాద్ వెళ్లి రండి. 1798 సైన్య సహకార సంధితో కంపెనీ పటాలాలు నిజాం ఖర్చు మీద ఇక్కడ మకాం పెట్టాయి. వెళ్లే తేదీ లేదు. 1806 నాటికి ఆ కంటోన్మెంటు ఒక ఊరై, అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టుకుంది. మేత మాటా అందులోనే ఉంది. పటాలాల ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప వైపు జిల్లాలు కంపెనీకి పోయి దత్త మండలాలయ్యాయి. 1853లో హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం జీతాల బాకీ కింద బీరార్ ప్రాంతం కంపెనీ చేతికి పోయింది. కాబట్టి మకాం ఇస్తే మేత ఎవరిదో, బాకీ పడితే ఏమవుతుందో రాయకుండా సంతకం పెట్టకండి. మా కంపెనీ ఆటగాడు ఇది చదివినప్పటి నుంచి ప్రతి సంధిలోనూ అప్పు ఇస్తానంటున్నాడు.

ఆ 1798 సంధితోనే నిజాం కొలువులో ఫ్రెంచి అధికారులు నడిపే పటాలాన్ని రద్దు చేయించారు కూడా. దాన్ని తయారుచేసిన రేమండ్ అదే ఏడాది చనిపోయాడు, సమాధి మలక్‌పేట వైపు ఉంది. అంటే దారి క్లాజులో నాకు అనుమతి అన్నదే కాకుండా ఫలానావాడికి ఇవ్వకూడదు అని కూడా రాయించుకోవచ్చు. మంచి బేరం కుదిరినప్పుడు అడగండి.

మూడోవాడు, నాలుగోవాడు

మా అసలు గొడవ ఇదే. మైసూరు, నిజాం నేల మీద నుంచి వెళ్లి పీష్వాను కొట్టాడు. పీష్వా అడిగిన ప్రశ్న న్యాయమైనది: "వాడు కొట్టి మళ్లీ నిజాం గడిలో పోయి కూర్చుంటే నేను వెంట పడొద్దా?" వెంటపడితే నిజాం మీద దాడి అవుతుంది. వెంటపడకపోతే నిజాం నేల మైసూరుకు దుప్పటిలా పనికొస్తుంది.

మేం తేల్చుకున్నది ఇలా ఉంది. సంధిలో "దెబ్బ" అని రాస్తే తప్ప నడక ఉన్నవాడు ఆ నేల మీద నుంచి ఎవరి మీదా దాడికి పోకూడదు. ఒకవేళ నిజాం దెబ్బకూ అనుమతి ఇచ్చాడంటే, ఆ దారి గడుల వరకు పీష్వాకు కూడా తలుపు తీసినట్టే. అక్కడ పీష్వా మైసూరును వెంటాడి కొడితే నిజాం మీద యుద్ధం కింద లెక్క కాదు. ఇది పెట్టాక నిజాం దెబ్బకు అనుమతి ఇవ్వడం దాదాపు మానేశాడు.

దారి ఇంకొకరికి బదిలీ కాదు. ఆర్టీసీ పాస్ మీద ఎవరి ఫోటో ఉంటే వాళ్లే ఎక్కాలి. మైసూరుకు నడక ఇచ్చారని వాడి మిత్రుడు, సామంతుడు, కిరాయి పటాలం వెనకాలే వచ్చేయకూడదు.

ఓడల గురించి ఒక్క మాట. రేవు నేల కిందికి వస్తుందో సముద్రం కిందికి వస్తుందో మీ పటం మీదే రాయండి. లంగరు వేసి ఉండటానికి మకాంలాగే గడువు పెట్టండి. నల్లసముద్రం తీరం లేని దేశాల యుద్ధనౌకలు అక్కడ 21 రోజులకు మించి ఉండకూడదని 1936 మాంట్రో ఒడంబడిక చెబుతుంది, ఆ పద్ధతి చాలు. మచిలీపట్నంలో కంపెనీ ఓడలకు మేం రెండు టర్నులు ఇచ్చాం.

గడువు దాటితే

జరిమానా డబ్బుల్లో పెట్టకండి. ఉన్నవాడు పడేసి కూర్చుంటాడు. గడువు దాటగానే యుద్ధం మొదలైనట్టే అని కూడా రాయకండి. మేం రాసి దెబ్బతిన్నాం. రెండో ఆదివారం ఆ రూల్‌ను పరీక్షగా ఆడి చూస్తుంటే నిజాం తెలివిగా తన కాయ ఒకటి తెచ్చి నది ఒడ్డు గడిలో పెట్టాడు. మా రూల్స్‌లో వేర్వేరు రాజుల కాయలు ఒకే గడిలో ఉండకూడదు. ఫిరంగులు కదల్లేవు, గడువు దాటింది, "సంధి నువ్వే తప్పినవ్ తమ్మీ" అని నిజాం చేతులు దులుపుకున్నాడు. అందుకే ఇప్పుడు రెండు రూల్స్. దారి గడికి నేల యజమాని అడ్డం పడితే ఆ టర్ను గడువు లెక్కలోకి రాదు. ఎవరూ అడ్డం పడకపోయినా గడువు దాటితే, ఆ కాయలకు మేత ఆగిపోతుంది. ఇంకా కదలకపోతే, యజమాని వాటిని కొట్టినా సంధి తప్పినట్టు కాదు. కొట్టడమా ఊరుకోవడమా అన్నది ఆయన ఇష్టం.

కోట అప్పగింతకు కూడా ఇదే టర్ను లెక్క పెట్టండి. కోట యాజమాన్యం సంధి క్షణానే మారుతుంది, లోపలి సైన్యం మొదటి కదలికలోనే బయటి గడికి రావాలి. లేకపోతే నిజాం కోటలో మైసూరు తాళాలు వేసుకొని కూర్చుంటాడు.

కాగితం మీద ఇలా

ఇప్పుడు ఒక అట్టముక్క మీద రాయండి. మాది ఇలా ఉంటుంది, మీ నంబర్లు వేసుకొని వాడుకోవచ్చు:

"ఈ సంధి 9వ టర్ను మంతనాల దశ ముగిసిన క్షణం నుంచి అమలు. ఆదోని కోట ఆ క్షణం నుంచి నిజాంది. మైసూరు కాయలు ఈ టర్ను కదలికలో కోట వదిలి, 1411, 1410 గడుల మీదుగా బళ్లారి చేరాలి. గడువు 12వ టర్ను కదలిక దశ ముగిసేలోపు. అంతవరకు నడక అవును, మేత అవును, ఖర్చు మైసూరుది. మకాం కాదు, దెబ్బ కాదు. నిజాం కాయ దారికి అడ్డం ఉన్న టర్ను గడువులో లెక్క లేదు. గడువు దాటితే మేత లేదు, నిజాం కొట్టినా సంధి తప్పినట్టు కాదు. ఈ అనుమతి మైసూరు కాయలకే. ఇందులో రాయని అనుమతి లేనట్టే. తేడా వస్తే అంపైర్ మాట ఈ ఆట వరకు ఆఖరు."

ఆఖరి ముందు వాక్యం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. "రాయనిది లేనట్టే" అని ఉంటే ఆ రాత్రి "ఇయ్యనని ఎక్కడ రాసినవ్?" అన్న ప్రశ్న పుట్టేదే కాదు. కొందరు దీన్ని తిరగేసి, రాయనిదంతా ఉన్నట్టే అని ఆడతారు. స్నేహితుల మధ్య సరదా ఆటకు అదీ నడుస్తుంది. ఏది పెట్టుకున్నా అట్ట మీద ఉండాలి.

రాసిన అట్టను ఆటలో వాడేముందు పటం మీద కాయలు పెట్టి పరీక్షించండి. నది పొంగింది, ఎటు పోవాలి? ముట్టడిలో ఉన్నప్పుడు సంధి కుదిరితే కోట లోపలివాళ్ల పరిస్థితి ఏంటి? దారి మధ్యలో ఉన్న గడిని మూడోవాడు గెలుచుకుంటే? జవాబు అట్ట మీద లేకపోతే ఒక వాక్యం కలపండి. రెండు వాక్యాలు కలపాల్సి వస్తే ఆ కేసు ఎప్పటికీ రాదనుకొని వదిలేయండి. పది లైన్లు దాటిన సంధిని ఎవరూ చదవరు, చదవకుండానే సంతకం పెడతారు.

ఆట మధ్యలో కొత్త చిక్కు వస్తే అయిదు నిమిషాలకు మించి వాదించుకోకండి. అంపైర్ అప్పటికొక తీర్పు చెప్పాలి, ఆట సాగాలి. అసలు రూల్ ఆట అయ్యాక రాసుకొని వచ్చే ఆట నుంచి అమలు చేయాలి. ఆ తీర్పుతో జరిగిపోయిన టర్నులను తవ్వకూడదు. మేం ముద్గల్ దాడిని వెనక్కి తిప్పామంటే, అది ఆ రాత్రి ఆఖరి ఎత్తు కాబట్టీ, ఫోటో ఉంది కాబట్టీ, మైసూరే మూడో ఆదివారం "సరే తీయండి" అన్నాడు కాబట్టీ.

గుర్రాలు ఆదోనికి తిరిగొచ్చాయి. కొత్త అట్ట మైసూరు ముందు పెట్టాం. పది నిమిషాలు చదివాడు, చాయ్ చల్లారిపోయింది.

"ఫిరంగులను ఈడనే ఇడిసి ఎడ్లను మాత్రం బళ్లారికి తోలుకపోతే?" అన్నాడు. "కాయలు పోవాలె అని రాసినవ్. ఎడ్లు పోయినంక ఫిరంగులు నడవలేవు గదన్నా. అప్పుడు తప్పు నాదెట్లయితది?"

అట్ట కింద ఖాళీలో పెన్సిల్‌తో ఇంకో వాక్యం చేర్చాను. కాయ అంటే మనుషులు, గుర్రాలు, ఫిరంగులు, ఎడ్లు, అన్నీ కలిపి.